పైకి చూసేవాడికి వెనక ఒక గొంతు

ముప్పై అయిదేళ్లు నిండని మనిషి "రిటైరయ్యాను" అంటే వినేవాళ్లకు నవ్వు వస్తుంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి బాంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీలో ఒక పెద్దాయన నన్ను తేరిపార చూసి, "ఏం బాబూ, నీ పెళ్లి కాకముందే నీ ఉద్యోగం అయిపోయిందా?" అని అడిగాడు. అయిపోయిందనే చెప్పాను. మా ఫుట్‌బాల్ వృత్తిలో రిటైర్మెంటును నిర్ణయించేది సర్కారు కాదు, మోకాళ్లు. నావి ఇంకా మెట్లు ఎక్కుతున్నాయి. అందుకు నాకు సంతోషంగా ఉంది.

ఈ మధ్య సాయంత్రాలు మైదానం దగ్గర కుర్రవాళ్లు నన్ను ఆపి, కలకత్తా క్లబ్బుల్లోకి ఎలా వెళ్లాలని అడుగుతున్నారు. ఎలా వెళ్లాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ చేయవలసిన పని నిజంగా ఏమిటో చెప్పేవాళ్లు తక్కువ. కప్పుల సంగతీ, పత్రికల్లో పడిన ఫోటోల సంగతీ ఇక్కడ రాయను. నాకు పనికొచ్చిన నాలుగు విషయాలు మాత్రం రాస్తాను.

పని ఏమిటంటే

కలకత్తా లీగు వానాకాలపు ఆట. మైదానం బురదగా ఉంటుంది, బంతి దొర్లదు. అందుచేత ఎదుటి జట్టు గోల్‌కీపరు బంతిని బలమంతా పెట్టి ఆకాశంలోకి తన్ని, అది పడబోయే చోటికి తన మనుషులను పరుగెత్తిస్తాడు. వాళ్లకంటే ముందు అక్కడ నేను ఉండాలి. బంతిని రొమ్ము మీదికి దించుకుని, కాలికి అందుకుని, నా మీదికి దూసుకువస్తున్న వాళ్ల మధ్యనుంచే తిరిగి వాళ్ల గోల్ వైపుకు తీసుకుపోవాలి. వాళ్లంతా ముందుకు వచ్చేశారు గనుక, ఆ ఒక్క వరస దాటితే వాళ్ల వెనక ఖాళీయే. అక్కడ బంతిని మా ఫార్వర్డులకు అప్పగిస్తే నా పని ముగిసినట్టు. గోల్ వేయడం ఇతరుల వంతు.

మా కోచ్ ఘోషాల్ దా, అంటే బెంగాలీలో ఘోషాల్ అన్న, సాధారణంగా రెండో సగంలో, వాన బాగా ముదిరాక నన్ను దింపేవాడు. జట్టులో నన్ను "వాపసీ" అని పిలిచేవారు. ఇచ్చిన బంతిని వాపసు చేసేవాణ్ణి కదా! ఇంత చిన్న పనికి ఒక మనిషి ఎందుకని మొదట్లో నేనే ఘోషాల్ దాను అడిగాను. "పెద్ద పనులకు అందరూ ఉంటారు. దీనికి నువ్వొక్కడివే ఉన్నావు, అందుకు" అన్నాడు.

ఈ పనిలోని ప్రమాదం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. పైకి చూస్తున్నవాడు ఎదురుగా వస్తున్నవాణ్ణి చూడలేడు.

ఇది నాకెలా వచ్చింది

మా నాన్నగారు వలస రైతుల సెటిల్మెంటు బడిలో టీచరు. శ్రీకాకుళం వైపునుంచి వచ్చి, మొదట అండమాన్ ఉత్తర కొసన డిగ్లీపూర్‌లో పనిచేశారు. అప్పట్లో అక్కడ అడవి నరికి పొలాలు చేస్తున్నారు. మా బడి పక్కన మాకొక మైదానం ఇచ్చారు గానీ, చెట్లు కొట్టారే తప్ప మొదళ్లు తవ్వలేదు. బంతిని నేల మీద తన్నితే ఏదో ఒక మొద్దుకు తగిలి ఎటో పోయేది. కాబట్టి డిగ్లీపూర్ పిల్లలందరం బంతిని గాలిలోనే ఆడేవాళ్లం. కింద మొద్దులు ఎక్కడున్నాయో పాదాలకు తెలుసు, కళ్లు మాత్రం ఆకాశంలో ఉండేవి. కలకత్తాలో నన్ను చూసి "ఇది ఏ కోచ్ నేర్పాడు?" అని అడిగేవారు. నేర్పింది అటవీశాఖ చేయక వదిలేసిన పని.

తర్వాత విశాఖపట్నంలో కాలేజీ చదువు. ఉదయం ఫుట్‌బాల్, మధ్యాహ్నం క్లాసులు, శనివారాలు వక్తృత్వ పోటీలు. మా డిబేటింగ్ సొసైటీ చూసే లెక్చరరు గారు ఒక నియమం పెట్టారు. ఎదుటివాడి వాదనను అతడికంటే బాగా చెప్పగలిగితేనే ఖండించే హక్కు నీకుంటుంది. వేదిక మీద అది నాకు బహుమతులు తెచ్చింది. జట్టులో మాత్రం చీవాట్లే తెచ్చింది. "నీకు బంతి ఇస్తే దాన్ని కూడా 'ఎందుకు వచ్చావు?' అని అడుగుతావు" అని మా కాలేజీ కెప్టెన్ విసుక్కునేవాడు. అడగడం మానలేదు. మానకపోవడం మంచిదే అయింది.

గాలి చేసిన మోసం

కలకత్తాలో నా మొదటి ఆటలోనే జనం నన్ను చూసి నవ్వారు. పోర్ట్ బ్లెయిర్‌లో మైదానానికి ఒక పక్క సముద్రం. గాలి అటునుంచే వస్తుంది, నేల మీద ఎలా ఉంటే పైన కూడా అలాగే ఉంటుంది. చెంపకు తగిలే గాలిని బట్టి బంతి ఎటు కొట్టుకుపోతుందో లెక్కవేయడం మా అందరికీ అలవాటు. కలకత్తాలో అదే చేశాను. అక్కడ నాలుగువైపులా గ్యాలరీలు. కింద గాలి లేదు, గ్యాలరీ ఎత్తు దాటిన తర్వాత ఉంది. నేను చేతులు చాపి నిలుచున్నాను. బంతి నా వెనక, దూరంగా, ఏ తొందరా లేకుండా పడింది.

ఆ తర్వాత ఏ ఊరికి వెళ్లినా ఆటకు ముందు మైదానం కాక, దాని చుట్టూ ఉన్నవి చూడడం నేర్చుకున్నాను. గోడలు, చెట్లు, జెండాలు, పొగగొట్టాలు. మీరు కూడా చూడండి. ఇంట్లో నేర్చుకున్న నిజం ఇంటి గాలికి మాత్రమే నిజం.

అప్పలరాజు

నా వెనక ఆడే సెంటర్ హాఫ్ అప్పలరాజు. వాళ్లది చేపల వేట కుటుంబం, బాంబూఫ్లాట్‌లో మా ఇంటికి నాలుగిళ్ల అవతల. డిగ్లీపూర్ నుంచి మేము అక్కడికి మారిన వారంలోనే అతడితో కొట్లాటయింది, రెండో వారంలో స్నేహమయింది. నాకు కలకత్తా పిలుపు వచ్చినప్పుడు, ఇతడు కూడా వస్తేనే నేను వస్తానన్నాను. అది స్నేహధర్మమని అందరూ మెచ్చుకున్నారు. నిజానికి సగం స్వార్థం. నేను పైకి చూస్తున్నప్పుడు నా ఎదుటి మనుషులను చూసే కళ్లు అతడివి.

మా పద్ధతి ఇది. బంతి గాలిలో ఉండగా అతడు వెనకనుంచి కేకవేస్తాడు. వల లాగేటప్పుడు పడవ మీద వేసే కేకలే. "లాగు" అంటే చోటుంది, అందుకో. "ఒదులు" అంటే ఎవడో మీదికి వచ్చేస్తున్నాడు, బంతిని వదిలి పక్కకు తప్పుకో. మైదానంలో తెలుగు తెలిసినవాళ్లు మేమిద్దరమే గనుక ఎదుటివాళ్లకు అర్థమయ్యేది కాదు. అయిదు సీజన్లు ఆ గొంతు చెప్పినట్టు చేశాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

అతడు నన్ను "ప్లీడరూ" అని పిలిచేవాడు. నేను రెఫరీతో మాట్లాడుతుంటే వెనకనుంచి, "ఒరే ప్లీడరూ, కోర్టు మూసేసినారు, బంతి అటేపు పోయింది సూడు!" అని అరిచేవాడు.

ఓడ ఊపు

మా దీవుల ఆటగాళ్లకు మాత్రమే ఉండే చిక్కు ఒకటుంది. ఇంటికి వెళ్లి తిరిగి రావాలంటే కలకత్తాకు ఓడ ప్రయాణం. రోజుల తరబడి ఓడతోపాటు ఊగిన ఒంటికి, దిగిన తర్వాత నేల ఊగుతున్నట్టు ఉంటుంది. నడిస్తే పెద్దగా తెలియదు. తల పైకెత్తి ఆకాశంలోకి చూస్తే తెలుస్తుంది. మొదటి ఏడాది ఓడ దిగి నేరుగా ప్రాక్టీసుకు వెళ్లి, పైకి చూస్తూ చూస్తూ నేనూ రాజూ ఒకేసారి కూలబడ్డాం. ఘోషాల్ దా దగ్గరికి వచ్చి మా నోళ్లు వాసన చూశాడు.

"తాగలేదు దాదా, జహాజ్ కా చక్కర్ హై" అని రాజు నవ్వుతూ మొత్తుకున్నాడు, ఇది ఓడ వల్ల వచ్చిన తిప్పుడని.

ఆయనకు నచ్చజెప్పడానికి చాలా సమయం పట్టింది. తర్వాత ఆయనే దాన్ని ఒక నియమంగా పెట్టాడు. దీవులనుంచి వచ్చినవాళ్లు ఓడ దిగిన రోజుల్లో ఎత్తు బంతులు ఆడకూడదు. ఎవరైనా అడిగితే, "ఓడ ఊపు. దానంతటదే పోతుంది" అని మాకంటే ముందు ఆయనే చెప్పేవాడు. కోచ్‌కు ఒక కొత్త సంగతి నేర్పామని మాకు గర్వంగా ఉండేది. ఆ నేర్పినదే మమ్మల్ని ప్రమాదంలోకి నెట్టింది.

అయిదో ఏడాది రాజు చెల్లెలి పెళ్లికి ఇద్దరం ఇంటికి వెళ్లాం. తుపాను వాతావరణం వల్ల తిరుగు ఓడ ఆలస్యమయింది. మేము కలకత్తాలో దిగేసరికి కప్పు పోటీ ఫైనల్ వారంలోకి వచ్చింది. మర్నాటి ప్రాక్టీసులో, ఫైనల్ తొందరలో నియమం మరిచి, రాజు, మా గోల్‌కీపరు ఒకే బంతికి ఎగిరారు. కీపరు మోచేయి రాజు చెవి పైన తగిలింది. రాజు పడ్డాడు, లేచాడు, ముఖం కడుక్కున్నాడు. అటూ ఇటూ తూలుతూ నడిచాడు.

"ఓడ ఊపు" అన్నాడు ఘోషాల్ దా.

"ఓడ ఊపే" అన్నాడు రాజు.

ఆ మాట నేను కూడా నమ్మాను. మర్నాడు కూడా నమ్మాను. తర్వాత రోజుకు నా ఊపు పోయింది. అతడిది పోలేదు. భోజనం దగ్గర గ్లాసు కోసం చాపిన చేయి దాని పక్కన పడుతోంది.

"తల నొప్పిగా ఉందా?" అని అడిగాను.

"ఒరే, ఓడలో సరిగా పడుకోలేదు. అంతే. ఫైనల్ ముందర నీకు ఈ డాక్టరీ ఏటి?"

అతడికి ఈ ఫైనల్ మామూలు ఆట కాదు. క్లబ్బు సెక్రటరీ గారు అతడి కాంట్రాక్టు ఇంకో రెండేళ్లు పొడిగించే మాట ఫైనల్ అయ్యాక చూద్దామన్నారు. అది కాకపోతే అతడు మళ్లీ వేటకు పడవెక్కాలి. పడవలో బతకడం తప్పేమీ కాదు. అతడికి ఇష్టం లేదు, అంతే.

మా వైపు అందరికీ తెలిసిన విషయం ఒకటుంది. ఓడ దిగినవాడికి నేల ఊగుతుంటే, మళ్లీ పడవెక్కితే ఊపు సర్దుకుంటుంది. ఒళ్లు కోరుకునే కదలిక దానికి దొరుకుతుంది. ఇది తలదెబ్బేనేమోనన్న నా అనుమానం తప్పయితే తేలడానికి ఇదొక్కటే దారి అనిపించింది. చేపలు కొందామని చెప్పి రాజును గంగ ఒడ్డుకు తీసుకువెళ్లి, అవతలి ఒడ్డుకు వెళ్లే లాంచీ ఎక్కించాను.

నీళ్ల మీద పుట్టి పెరిగినవాడు రాజు. తెప్ప అంచున నిలబడి, దేన్నీ పట్టుకోకుండా, వల విసరగలవాడు. ఆ నది లాంచీలో రెండు చేతులతో కమ్మీ పట్టుకున్నాడు. కాసేపటికి బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

"పోయిందా?" అన్నాను.

"పోయింది."

"కళ్లు తెరువు."

"ఎండ. కళ్లకు కొడతంది."

ఆకాశం మబ్బు పట్టి ఉంది. లాంచీ అవతలి ఒడ్డుకు చేరింది. దిగేటప్పుడు అతడే అన్నాడు. "ఒరే ప్లీడరూ, ఎవులికీ సెప్పకు. బస్, ఒక్క ఆట. తర్వాత నువ్వేటి సెప్తే అది."

ఆఫీసు గదిలో

చెప్పాను. ఎలా చెప్పానో రాయడం అవసరమనుకుంటున్నాను, ఎందుకంటే ఈ వృత్తిలోకి వచ్చే ప్రతివాడికీ ఏదో ఒకనాడు ఈ పని పడుతుంది.

రాజు వెనక చెప్పలేదు. అతడితోనే కలిసి వెళ్లాను. దారిలో నన్ను తిట్టని తిట్టు లేదు. ఆఫీసులో ఘోషాల్ దా, సెక్రటరీ గారు ఉన్నారు. ముందుగా రాజు పక్షాన మాట్లాడాను. ఇతడు లేకపోతే మన వెనక వరస కదిలిపోతుంది, ఇతడి స్థానంలో ఆడబోయే మనిషి ఈ ఏడాది పట్టుమని పది ఆటలు ఆడలేదు, ఇతడి కాంట్రాక్టు ఈ ఆట మీద ఉంది, పెద్ద దెబ్బ తగిలిందనడానికి రక్తం లేదు, వాపు లేదు. ఇవన్నీ నిజమే అన్నాను. రాజు ఆశ్చర్యంగా నా వైపు చూశాడు.

తర్వాత లాంచీ సంగతి చెప్పాను.

సెక్రటరీ గారు నవ్వారు. "పడవలో కమ్మీ పట్టుకున్నాడని ఫైనల్‌నుంచి తప్పించాలా? మన డాక్టరు బాగానే ఉన్నాడన్నాడు."

"డాక్టరు గారు ఏం అడిగారు సార్?"

"కళ్లు చూశాడు. ఎలా ఉందని అడిగాడు."

"బాగానే ఉందని రాజు చెప్పాడు. ఆడాలనుకునేవాణ్ణి ఆడగలవా అని అడిగితే వేరే జవాబు వస్తుందా?"

"అసలు సంగతి నేను చెప్పనా?" అన్నారాయన. "వెనక కేక సరిగా రాకపోతే దెబ్బ నీకు తగులుతుంది. నీ ఎముకల కోసం నువ్వు భయపడుతున్నావు."

అది కూడా నిజమే. కాదనలేదు. "భయపడుతున్నాను సార్. 'ఒదులు' అనవలసిన చోట ఇతడు 'లాగు' అంటే నేను లేవను. కానీ నన్ను పక్కన పెట్టి ఇతడిని ఆడిస్తానన్నా ఇదే మాట అంటాను. కావాలంటే అలా చేసి చూడండి" అన్నాను.

ఘోషాల్ దా లేచి, రాజుకు ఎదురుగా నిలబడి, చాలా మామూలుగా అన్నాడు. "కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడు బేటా."

రాజు నిలబడలేదు. ప్రయత్నించనైనా లేదు. నేల చూస్తూ, "దాదా, ఏక్ మ్యాచ్" అన్నాడు.

"ఓడ ఊపు అని మొదట అన్నది నేను" అన్నాడు ఘోషాల్ దా. "నేను కోచ్‌ని. సులువైన మాట దొరికిందని పట్టుకున్నాను." సెక్రటరీ గారి వైపు తిరిగి, "ఇతడు ఆడడు" అన్నాడు. అంతే.

నేను చాలామంది పెద్దల కింద పనిచేశాను. తాను అన్న మాటను అందరి ముందూ వెనక్కి తీసుకోగలిగినవాణ్ణి ఆయనొక్కణ్ణే చూశాను. మీ పై అధికారి మంచివాడా కాదా తేల్చుకోవాలంటే ఆయన విజయాల జోలికి వెళ్లకండి. ఈ ఒక్కటి చూడండి.

ఫైనల్

ఓడిపోయాం. రాజు స్థానంలో ఆడినవాడికి మా కేకలు రావు. రెండో సగంలో నేను దిగాను, వెనకనుంచి ఏ గొంతూ లేదు. రెండుసార్లు బంతిని అందుకోకుండా వదిలేశాను. జనం తిట్టారు. వదిలిన బంతుల్లో ఒకటి మా మీద గోల్ అయింది. గ్యాలరీలో, ఘోషాల్ దా కొడుకు పక్కన, తలకు తువ్వాలు చుట్టుకుని రాజు కూర్చున్నాడు. ఆట అయ్యాక నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

పెద్దాసుపత్రిలో చూపిస్తే, నొప్పి, తూలడం పూర్తిగా పోయేదాకా బంతి ముట్టుకోవద్దన్నారు. పూర్తిగా పోయేసరికి సీజను ముగిసింది. కాంట్రాక్టు పొడిగించలేదు. రాజు ఇంటికి ఓడెక్కాడు. ఆ తర్వాత చాలా నెలలు నాకు అతడి కబురు లేదు.

మరుసటి సీజను నుంచి మా క్లబ్బులో తలకు దెబ్బ తగిలినవాణ్ణి, అతడు ఏం చెప్పినా, ఆ రోజుకు బయటికి తెచ్చేవారు. కాగితం మీద లేదు, ఘోషాల్ దా నోటి మాట. మొదటిసారి ఆ మాట కింద బయటికి వచ్చినవాణ్ణి నేనే. చాలా కోపం వచ్చింది. రాజు ఆ రోజు ఏమనుకున్నాడో అప్పుడు తెలిసింది.

ఇంకో మూడేళ్లు ఆడాను. కొత్త సెంటర్ హాఫ్‌కు మా రెండు మాటలూ నేర్పాను. అతడు బాగానే పిలిచేవాడు. కానీ ప్రతిసారీ తల దించి ఒకసారి ఎదురుగా చూసుకోకుండా ఉండలేకపోయాను. ఆ ఒక్క క్షణం చాలు, బంతి చేజారడానికి. పైకి నిశ్చింతగా చూడలేనివాడు ఈ పని చేయకూడదు. అది తెలిసిన రోజు ఆపేశాను. ఆపేసిన సాయంత్రం మైదానం బయట వేరుశెనక్కాయలు కొనుక్కుని తింటూ నడిచాను. వాన మొదలయింది. ఆ వానలో నేను చేయవలసిన పని ఏమీ లేదు. అంత తేలికగా నా భుజాలు ఎప్పుడూ లేవు.

ఇప్పుడు

రాజు వేటకు పడవెక్కలేదు. పోర్ట్ బ్లెయిర్‌లోని గోల్ ఘర్‌లో వలలు, నైలాను తాళ్లు అమ్మే దుకాణం పెట్టాడు. నేను తిరిగి వచ్చిన వారం ధైర్యం చేసి వెళ్లాను. దుకాణంలో ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లు, ఆటగాళ్లే, తాడు కొనే మిషతో కూర్చుని ఉన్నారు. రాజు తల ఎత్తి చూశాడు.

"రా ప్లీడరూ. కప్పు పోగొట్టినోడు వచ్చినాడు, సూడండ్రా!" అన్నాడు.

అంతటితో ఆగలేదు. ఆ ఫైనల్ మొత్తం వాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు. ఎదుటి జట్టులో ఎవడు ఎక్కడ నిలబడ్డాడో, మొదటి గోల్‌కు ముందు బంతి ఏ మూలనుంచి వచ్చిందో, నేను వదిలిన రెండో బంతి వేళకు ఎడమవైపు బురద ఎంత లోతుందో, రెఫరీ ఏ తప్పు చేశాడో. నేను ఆడిన ఆటలో నాకు గుర్తులేనివి గ్యాలరీనుంచి చూసిన అతడికి గుర్తున్నాయి. ఒక్క పేరు కోసం కూడా తడుముకోలేదు. మాట్లాడుతూనే పై అరలోని తాడు చుట్టను, చూడకుండా చేయి చాపి, సరిగ్గా అందుకుని దించాడు.

"నేనుంటే ఆ రెండు బంతుల మీద 'లాగు' అనేవోణ్ణి. రెండూ మనవే" అన్నాడు. "నేనాడితే ఏటైపోయేదో సెప్పు, ప్లీడరూ. నిరూపించు."

కుర్రవాళ్లు నా వైపు తిరిగారు. జరగనిదాన్ని ఎవరూ నిరూపించలేరు. వేదిక మీద ఎవరైనా ఇదే అడిగితే ఎదురుప్రశ్నలు వేసి తప్పించుకునేవాణ్ణి.

"నిరూపించలేను" అన్నాను.

"సూసినారా!" అని రాజు బల్ల మీద చరిచి, పక్క హోటలువాడికి వినబడేలా, "భయ్యా, చార్ చాయ్! ప్లీడరు ఓడిపోయినాడు!" అని కేకవేశాడు. మైదానం అవతలి అంచుకు కూడా వినబడే గొంతు. అది అలాగే ఉంది.